సరిచేసిన ఇంటిని సరిచేసినట్టే వదిలేయాలని

గుండ్లపోచంపల్లి,
ట్యాంకరు రాని రోజు.

శ్రీయుత సంయుక్త సంచాలకులు గారి సముఖమునకు,
ప్రభుత్వ ఐటీ సిబ్బంది వృత్తి నైపుణ్యాభివృద్ధి కేంద్రం,
శామీర్‌పేట.

అయ్యా,

విషయం: తమ కేంద్రమునందు శిక్షణ పొందు సిబ్బంది మా ఇంటి రికార్డును ప్రతి విడతలోను సరిచేసి, అందుకు మార్కులు పొంది, పిమ్మట తిరిగి తప్పుగా మార్చుచున్నందున, ఒక్కసారి సరిచేసినది సరిచేసినట్టే ఉంచుటకు ఉత్తర్వులు కోరుట గురించి.

సూచిక: నా పూర్వపు అర్జీలు. అవి తమ కేంద్రంలోనే 'పాఠ్యసామగ్రి' అని రాసి ఉన్న బీరువాలో భద్రంగా ఉన్నవి.

సవినయంగా మనవి చేసుకోవడం నాకు చేతకాదని మా ఆవిడ అంటుంది. అయినా ప్రయత్నిస్తున్నాను. నేను యజ్ఞనారాయణ అనువాడను. ప్రభుత్వ కళాశాలలో గ్రంథపాలకుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకోవలసినవాడను. తమరు ఈ కుర్చీలోకి కొత్తగా వచ్చారు. తమకు ముందున్న వారికి ఈ సంగతులన్నీ తెలుసు. తెలిసినవారిని బదిలీ చేసి తెలియనివారిని కూర్చోబెట్టడం పరిపాలనలో ప్రాచీన పద్ధతి గనుక, మొదటి నుంచి విన్నవించుకుంటాను.

1. మేము బాపట్ల వైపు వాళ్లం. ఉద్యోగరీత్యా ఈ ప్రాంతానికి వచ్చి, గుండ్లపోచంపల్లిలో స్థలం కొని ఇల్లు కట్టుకున్నాం. ఆ స్థలంలో పూర్వం కోళ్ల ఫారం ఉండేది. షెడ్లు పడగొట్టి, ప్లాట్లు చేసి అమ్మిన ఆసామి రవీందర్. ఇంటి పన్ను చూసే కార్యాలయం వారి కంప్యూటరులో మా వీధిలోని షెడ్లన్నీ ఇళ్లయ్యాయి. మాది ఒక్కటే 'కోళ్ల షెడ్డు'గా మిగిలిపోయింది. ఆ కార్యాలయం పేరు ఇక్కడ రాయను. రాస్తే దాన్ని కూడా ఎక్కడో తప్పుగా ఎక్కించుకుంటారు. రవీందర్‌ను అడిగితే, "కోళ్లను ఎప్పుడో అమ్మిన సారూ. కాయితాలల్ల ఉన్న కోళ్లను నేనేడ పట్టాలె?" అన్నాడు. నా అర్జీ ప్రస్థానంలో నాకు దొరికిన సమాధానాలన్నిటిలోకీ తర్కానికి నిలిచేది ఇదొక్కటే.

2. షెడ్డుకు తాగునీటి నల్లా ఇవ్వరాదని నియమం ఉన్నదట. పక్షులకు బోరు నీళ్లు చాలునట. మా బోరు ఎండిపోయిందని నియమానికి తెలియదు. నల్లా రాలేదు గానీ, షెడ్డుకు రావలసిన సేవలు మాత్రం సకాలంలో వస్తున్నాయి. లింగం అనే ఉద్యోగి కోళ్ల టీకా మందు డబ్బా పట్టుకుని వచ్చి, తలుపు తీసిన మా ఆవిడ పద్మజను, "అమ్మా, ఎన్ని పక్షులున్నయ్?" అని అడిగాడు.

"రెండు నాయనా. ముసలివి. గుడ్లు పెట్టడం మానేసి చాలా కాలమైంది."

అతను రాసుకున్నాడు. "మేత మంచిగ తింటున్నయా?"

"ఒకటి ఏది వేసినా తింటుంది. ఇంకోటి వేసినదానికల్లా వంక పెడుతుంది."

అదీ రాసుకున్నాడు. "గా వంక పెట్టేదాన్ని జర పక్కకుంచుండ్రి. రోగమేమో" అని సలహా ఇచ్చి, కాఫీ తాగి వెళ్లాడు. నేను వరండాలోనే కూర్చుని ఉన్నాను.

నీళ్ల సంగతి. పక్కింటి జానకిరామయ్య గారింటికి నల్లా ఉంది. నీళ్లు వదిలిన రోజు ఆయన గోడ మీదుగా పైపు ఇటు అందిస్తాడు. పద్మజ వంగి బిందెలు నింపుతుంది. ఆవిడ మోకాళ్లకు వైద్యం జరుగుతున్నది, బరువులెత్తరాదని డాక్టరు చెప్పారు. నేను ఎత్తుతానంటే నా నడుము సంగతి ఆవిడ గుర్తు చేస్తుంది. ఇద్దరం చెరో వైపు పట్టుకుని బిందెను పెళ్లిపల్లకీలా మోసుకుపోతాం. పైపు అందించిన ప్రతిసారీ జానకిరామయ్య గోడ మీద మోచేతులు ఆనించి, "ఏం యజ్ఞనారాయణా, ఇంకా కోళ్ల షెడ్డేనా?" అని అడుగుతాడు. తమరు విద్యావంతులు. ఆ నీళ్లు గొంతు ఎలా దిగుతాయో ఊహించగలరు.

3. ఈ సంగతి తమ కేంద్రానికి ఎలా చేరిందంటే: ప్రభుత్వ కార్యాలయాల్లో కంప్యూటరు పని చేసే సిబ్బందికి నైపుణ్యాలు పెంచాలని తమ కేంద్రం పెట్టారు. సాధన చేయడానికి ఒక నకలు కంప్యూటరు వ్యవస్థ రావలసి ఉంది. అది ఇంకా టెండరు దశలో ఉంది. అది వచ్చేదాకా అసలు వ్యవస్థలోనే, ఒకే ఒక్క అసలు తప్పు మీద సాధన చేయించాలని, ఆ శిక్షణ వల్ల ప్రభుత్వ రికార్డులో ఎట్టి మార్పూ మిగలరాదని ఒక సర్క్యులరు వచ్చింది. అప్పుడు అందరి చూపూ నా అర్జీ మీద పడింది.

సమన్వయకర్త భాస్కర్ గారు నన్ను పిలిపించి, కుర్చీ వేయించి, సంబరంగా చెప్పారు. "సార్, మస్తు కేసు మీది. పన్ను, నల్లా, ప్లాను, సర్వే నంబరు, నాలుగు శాఖలు తగుల్తయ్. గింత మంచి తప్పు మళ్ల దొరకది."

ఆనాటి నుంచి పన్ను కార్యాలయానికి వెళ్తే, "మీది శామీర్‌పేట శిక్షణల ఉంది సార్, మేం ముట్టొద్దు" అంటున్నారు. శామీర్‌పేటకు వెళ్తే, "మేము నేర్చుకునేటోళ్లమే గని చేసేటోళ్లం కాదు సార్" అంటున్నారు.

4. శిక్షణ చెడ్డదని నేననడం లేదు. నాకు నచ్చనిదాన్ని కూడా చదివి గాని తిట్టకపోవడం నా వృత్తిధర్మం. ప్రతి విడతలోనూ నన్ను 'పౌరుడు' అనే హోదాలో పిలిపించి ముందు కూర్చోబెడతారు. మొదటి రోజు ఆ పిల్లలు నా ముఖం చూడకుండా తెరతో మాట్లాడతారు. మూడో రోజుకల్లా నన్ను చూసి మాట్లాడతారు. నాలుగు శాఖల్లో తప్పు ఎక్కడ మొదలైందో వెతికి పట్టుకుంటారు. పట్టుకున్నప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి. నా ముప్ఫయ్యేళ్ల ఉద్యోగంలో, కావలసిన పుస్తకం దొరికిన విద్యార్థి ముఖంలో తప్ప నేనా వెలుగు చూడలేదు. చివరి రోజు ఉదయం మా ఇంటి రికార్డు మారుస్తారు. నా ఫోనుకు ఓటీపీ వస్తుంది. చెబుతాను. కోళ్ల షెడ్డు 'నివాస గృహం' అవుతుంది. అందరూ చప్పట్లు కొడతారు. సమోసా పెడతారు.

మధ్యాహ్నం రెండో ఓటీపీ వస్తుంది. దానితో నివాస గృహం మళ్లీ కోళ్ల షెడ్డు అవుతుంది. అప్పుడు కూడా చప్పట్లు కొడతారు. ఈసారి సమోసా ఉండదు.

ముందు రోజు సమాచార భద్రత పాఠంలో, ఓటీపీని కన్నతల్లి అడిగినా చెప్పరాదని వాళ్లకు నేర్పుతారు. మర్నాడు ఆ పిల్లలే నా దగ్గరకు వచ్చి, "సార్, ఓటీపీ చెప్తరా?" అంటారు.

5. "మరి రెండోది నువ్వెందుకు చెప్పావు, మానేస్తే పోయేదిగా?" అని తమరు అడగవచ్చు. మా ఆవిడ అడిగింది, తమకన్నా గట్టిగా.

మొదటి విడతలో ప్రవీణ్ అనే కుర్రవాడు ఉండేవాడు. నేను ఫోను జేబులో పెట్టుకుని చెప్పనని కూర్చుంటే, నా పక్కన గొంతుక్కూర్చుని, "సార్, గిది వెనుకకు తిప్పకుంటె నాకు సర్టిఫికెట్ రాదు. అది లేకుంటె పర్మినెంటు లిస్టుల నా పేరు రాదు. మా నాయినకు చెప్పిన, ఈసారి వస్తదని" అన్నాడు. వాళ్ల నాయిన నాకెవరు? ఎవరూ కారు. చెప్పాను. రెండో విడతలో ఒక అమ్మాయి ఏమీ అడగలేదు, కళ్లజోడు తుడుచుకుంటూ నిలబడింది. ఆమెకూ చెప్పాను. తర్వాత ఇక అలవాటైపోయింది.

ప్రవీణ్ ఇప్పుడు జీడిమెట్ల వైపు ఒక కార్యాలయంలో మంచి హోదాలో ఉన్నాడు. పెళ్లికార్డు పంపాడు. కవరు మీద 'కోళ్ల షెడ్డు తాతగారికి' అని రాసి ఉంది. ఇద్దరం వెళ్లాం. నన్ను చూపించి వధువుతో, "ఈ సార్ లేకుంటె నేను లేను" అన్నాడు. భోజనంలో కోడికూర. మేము శాకాహారులం. పెరుగన్నం తిని వచ్చాం.

"లోకానికంతా ఉద్యోగాలిచ్చారు. ఇంటికి బిందెడు నీళ్లివ్వలేకపోయారు" అని పద్మజ తిరుగు ప్రయాణంలో అన్నది. బస్సులో నలుగురూ విన్నారు.

6. ఇక ఈ రెండో ఓటీపీని సృష్టించిన మహానుభావుడి గురించి. 'యథాస్థితి పునరుద్ధరణ' అనే అంశాన్ని పాఠ్యప్రణాళికలో పెట్టి, అందులో తప్పినవారు మొత్తం పరీక్షలో తప్పినట్టేనని రాసిన సలహాదారు మరెవరో కాదు. గోడ మీద మోచేతులు ఆనించే జానకిరామయ్యే. మా కళాశాలలో వాణిజ్యశాస్త్రం చెప్పేవాడు. నిలదీస్తే, "రికార్డు పవిత్రమైనది యజ్ఞనారాయణా. నీ ఒక్కడి నల్లా కోసం వ్యవస్థను మలినం చేయమంటావా?" అన్నాడు, పైపు ఇటు అందిస్తూ.

రికార్డుల పవిత్రత గురించి ఆయన మాట్లాడినప్పుడు నేను ఒక విషయం తమ దృష్టికి తేక తప్పదు. ఆయన ఉద్యోగకాలంలో మా గ్రంథాలయం నుంచి నిఘంటువు రెండో సంపుటం, 'త' మొదలు చివరి వరకు, ఇంటికి తీసుకుపోయి నేటి వరకు తిరిగి ఇవ్వలేదు. అడిగితే ఇచ్చేశానంటాడు. ఆనాటి నుంచి మా కళాశాలలో నీరు, న్యాయం, పరిష్కారం, బాధ్యత అనే మాటలకు అర్థం చూసుకునే వీలు లేకపోయింది. మాకు మిగిలిన మొదటి సంపుటంలో ఉన్నవి అర్జీ, ఆలస్యం, కాగితం, కోడి, గోడ. యథాస్థితి పునరుద్ధరణ మీద అంత ప్రేమ ఉన్నవాడు ముందుగా ఆ సంపుటాన్ని అలమరలో యథాస్థితికి పునరుద్ధరించాలని కోరుతున్నాను. ఇది ఈ అర్జీకి అనుబంధ విషయమే గానీ అప్రధానం కాదు.

7. సిబ్బంది వృత్తి ఎదుగుదల గురించి కూడా రెండు మాటలు. ఎవరూ అడగలేదు, అందుకే చెబుతున్నాను. వాళ్ల ఎదుగుదల మా ఇంటి నల్లా లాంటిది. అర్హత ఉంది, గొట్టం వీధి దాకా వచ్చింది, ఇంట్లోకి రాదు. పర్మినెంటు ఉద్యోగులను పదవీ విరమణకు ముందు నెలలో 'దీర్ఘకాలిక వృత్తి ప్రణాళిక' అనే పాఠానికి పంపుతున్నారు. పోయిన విడతలో ఒకాయన ఆ పాఠం వింటూ పింఛను కాగితాలు నింపుకున్నాడు. ఆయన ప్రణాళిక ఆయనకు స్పష్టంగానే ఉంది. కాంట్రాక్టు పిల్లలు మాత్రం చేరిన కుర్చీలోనే ఏళ్ల తరబడి కూర్చుంటున్నారు.

ఈ విడతలో మేడ్చల్ నుంచి వస్తున్న భవిత అనే అమ్మాయి ఉంది. ఆపరేటరు. సర్టిఫికెట్ లేనివారి కాంట్రాక్టు ఈసారి పొడిగించరట. తల్లి సత్తమ్మ ఆ అమ్మాయి జీతం మీదే ఉంది. ఈ అమ్మాయి మా ఇంటి తప్పును మిగతావాళ్లకన్నా ముందు పట్టుకుంది. పట్టుకుని, "సార్, గిది ఒక్క క్లిక్కు పని. ఇన్నేండ్లు ఎందుకు కాలే?" అని భాస్కర్ గారిని అడిగింది. ఆయన, "అది సిలబస్‌ల లేదమ్మా" అన్నారు. ఆ అమ్మాయిని కూడా ఈ శుక్రవారం మధ్యాహ్నం తన పనిని తానే చెడగొట్టి మార్కులు తెచ్చుకొమ్మంటారు. ఒక మనిషికి పని నేర్పి, ఆ పనిని చెరిపేస్తేనే నేర్చుకున్నట్టు లెక్క అనే విద్యాపద్ధతి నేను చదివిన ఏ గ్రంథంలోనూ లేదు. రెండో సంపుటంలో ఉందేమో తెలియదు.

8. శుక్రవారం నాడు నేను రెండో ఓటీపీ చెప్పకుండా ఉండగలనన్న నమ్మకం నా మీద నాకు లేదు. మా ఆవిడకు అసలే లేదు. అందువల్ల ఆవిడ నాకు చెప్పకుండా పన్ను కార్యాలయానికి వెళ్లి, రికార్డులో నా ఫోను నంబరు తీయించి తన నంబరు పెట్టించుకుంది. రికార్డును ముట్టరాదన్నవారు ఆవిడ ముఖం చూసి ముట్టారు. "మీరు మనుషుల ముఖాలు చూసి కరిగిపోతారు. నేను బిందెను చూస్తాను" అని నాతో అన్నది. ఫోను కొంగున కట్టుకుని తిరుగుతున్నది.

కావున తమరు దయతో, యథాస్థితి పునరుద్ధరణ అంశాన్ని పరీక్ష నుంచి తొలగించి, సరిచేసిన తప్పును సరిచేసినట్టే వదిలేయడం కూడా ఒక నైపుణ్యమేనని గుర్తించి, శుక్రవారం లోపల ఉత్తర్వులు ఇప్పించవలసిందిగా ప్రార్థన. వచ్చే విడతకు తప్పు కావాలంటే వెతకనక్కర లేదు. ఏ బీరువా తలుపు తీసినా మీద పడుతుంది.

పై సంగతులన్నీ చిత్తగించవలెను. తీరిక లేనిచో అయిదో అంశమైనా చిత్తగించవలెను. ఆరోది జానకిరామయ్యకు చదివి వినిపించవలెను.

ఇట్లు,
గత్యంతరం లేక తమ విధేయుడైన,
యజ్ఞనారాయణ
(నివాస గృహం, శుక్రవారం ఉదయం నుంచి మధ్యాహ్నం వరకు)

తా.క. పై అర్జీ వేయడంలో ఆలస్యమైంది. కవరుకు సరిపడా తపాలా బిళ్లలు ఇంట్లో లేవు. ఈలోగా శుక్రవారం అయిపోయింది. కాబట్టి జరిగింది కూడా రాస్తున్నాను.

ఉదయం ఓటీపీ పద్మజ చెప్పింది. ఇల్లు ఇల్లయింది. మధ్యాహ్నం కేంద్రం నుంచి ఎన్నిసార్లు ఫోను చేసినా ఎత్తలేదు. సాయంత్రం కాబోతుండగా భవిత స్కూటీ మీద మా ఇంటికి వచ్చింది. పరీక్ష అయిదింటికి మూసేస్తారట. అప్పుడే నీళ్లు వదిలారు. గోడ మీదుగా పైపు వేలాడుతోంది, పద్మజ వంగి ఒక చేత్తో మోకాలు పట్టుకుని బిందె నింపుతోంది. భవిత గేటు దగ్గరే ఆగిపోయి చూసింది.

"ఇదేంది ఆంటీ? పక్కింటి నీళ్లా?"

"మరి షెడ్డుకు నల్లా ఉండదుగా తల్లీ. కూర్చో. మంచినీళ్లు ఇస్తాను."

"తెర మీద 'నీటి సౌకర్యం: లేదు' అనుంటది. గింతే అనుకున్న" అన్నది ఆ అమ్మాయి. తన ఫోనులో భాస్కర్ గారు లైనులోనే ఉన్నారు. "అమ్మా భవితా, పంపుతున్న ఓటీపీ. జల్దీ అడుగు. పది నిమిషాలే ఉంటది" అన్నారు. పద్మజ కొంగులో ఫోను మోగింది.

నేను ఇద్దరి ముఖాలూ చూడకుండా గోడ వైపు తిరిగి నిలబడ్డాను. గోడ మీద జానకిరామయ్య ఉన్నాడు. ఆయన ముఖం చూడవలసి వచ్చింది.

వెనక నుంచి భవిత గొంతు. "చెప్పకుండ్రి ఆంటీ. నేను ఫెయిలైత తీయుండ్రి."

"ఫెయిలై మీ అమ్మకేం చెబుతావు?"

"ఏదో ఒకటి చెప్త. మీరైతే చెప్పకుండ్రి."

బిందెను చూస్తానన్న మా ఆవిడ ఆ పిల్ల ముఖం చూసిందని నాకు అటు తిరగకుండానే తెలిసిపోయింది. "ఉద్యోగం పోతే మళ్లీ ఎవరిస్తారే నీకు? మాకంటే గోడ ఉంది, పైపు ఉంది. రాసుకో. నాలుగు..."

"నేను రాసుకోను."

"ఏడు..."

"నేను చెవులు మూసుకున్న ఆంటీ, ఇనపడుత లేదు."

తిరిగి చూశాను. భవిత ఫోను కట్టేసి ఒళ్లో పడేసి, రెండు చేతులతో చెవులు మూసుకుని, కళ్లు కూడా మూసుకుని కూర్చుంది. పద్మజ ఆమె ముందు నిలబడి, పాఠశాలలో ఎక్కం అప్పజెప్పినట్టు అంకెలు గట్టిగా చదువుతోంది. కళ్లద్దాలు లేవు గనుక ఒక్కోసారి ఒక్కో విధంగా చదువుతోంది. చేతులు లాగబోయింది. ఆ పిల్ల బలమైనది. బిందె నిండి పొర్లిపోతున్నా ఎవరూ పట్టించుకోలేదు. పది నిమిషాలు గడిచిపోయాయి. అయిదు కూడా దాటింది.

భవిత చేతులు దించి, పద్మజ ఇచ్చిన గ్లాసెడు నీళ్లు తాగి, "ఇగ నేను వస్త ఆంటీ" అని వెళ్లిపోయింది. గేటు దాటాక స్కూటీ కొంతసేపు స్టార్టు కాలేదు, లేదా ఆ అమ్మాయి చేయలేదు.

జానకిరామయ్య ఈసారి కోళ్ల షెడ్డు ప్రశ్న అడగలేదు. పొర్లుతున్న నీళ్లు చూసి కూడా నల్లా కట్టేయలేదు. "ఇంకో బిందె పెట్టుకోమ్మా" అని పద్మజతో అన్నాడు. దీన్ని నేను నమోదు చేస్తున్నాను. క్షమించానని అనుకోరాదు. నిఘంటువు ఇంకా రాలేదు.

కాబట్టి నా కోరిక మారింది. ప్రస్తుతం మా ఇల్లు రికార్డులో ఇల్లే. భవిత పరీక్ష తప్పింది. తమ కేంద్రం పెట్టిన విడతలన్నిటిలో, పని నేర్చుకుని, ఆ పని చేసి, చేసినదాన్ని నిలబెట్టినది ఆ అమ్మాయి ఒక్కతే. ఆమెను ఉత్తీర్ణురాలిగా ప్రకటించి, కాంట్రాక్టు పొడిగింపుకు రాయాలని ప్రార్థిస్తున్నాను.

ఇల్లు ఇల్లుగా, ఆ పిల్ల ఉద్యోగం ఉద్యోగంగా, రెండూ ఉండటానికి నియమాలు ఒప్పుకోవంటారా? అలాగైతే భాస్కర్ గారితో చెప్పి, ఆ పిల్లకు పరీక్ష మళ్లీ తెరిపించి, ఏ రోజైనా అయిదు లోపల ఇంకోసారి ఓటీపీ పంపించండి. ఫోను ఛార్జింగులో పెట్టాం, కళ్లద్దాలు పక్కనే ఉన్నాయి. పక్షులు రెండూ దాని దగ్గరే కూర్చుని ఉన్నాయి.

య.నా.